నీలం గౌను అంచున పసుపు

మా కూలీ లైన్లో, ఆ గదుల వరసంతటిలో, దయ్యాన్ని చూడనిదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఉరేసుకున్న మనిషి చెరుకు చాళ్ళలో దగ్గుతూ తిరుగుతాడని ఒకరు, ఏటి ఒడ్డున తెల్లచీర కనిపించిందని ఇంకొకరు చెప్పేవారు. పొద్దంతా కత్తి పట్టి అలసిన ఒళ్ళు ఏదైనా చూస్తుందిలే అనుకునేదాన్ని. శ్మశానం పక్క చాలులో గడ్డి తీయడానికి అందరూ వెనకాడితే నేను వెళ్ళేదాన్ని. అక్కడ నీడ ఉండేది.

ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. సిడ్నీ వెళ్ళే ఓడలో నాలుగో సాయంత్రం కళ్ళతో చూసింది, వేలితో తాకింది మాత్రమే రాస్తున్నాను.

అప్పుడు మేము సముద్రం దాటి వచ్చి, ఆ దీవిలో రాకిరాకి దగ్గర ఒక చెరుకు ఎస్టేటులో ఉండేవాళ్ళం. ఐదేళ్ళ కూలి ఒప్పందాన్ని గిరిమిట్టు అనేవాళ్ళం. అందులో మూడేళ్ళు గడిచాయి. మొదటి ఏడు చెరుకు చాలులోనే నాకు కడుపు పోయింది. కొన్నాళ్ళకు ఎస్టేటు దొర నన్ను బంగళా పనికి తీసుకున్నాడు. దొరను మేము కులంబర్ అనేవాళ్ళం. బట్టలు ఉతకడం, ఇస్త్రీ చేయడం, వాళ్ళ నాలుగేళ్ళ పాప ఎల్సీని చూసుకోవడం నా పని.

మనవైపు కొత్తబట్ట కట్టేముందు అంచున పసుపు పెడతాం కదా. ఎల్సీ కొత్త గౌనుకు కూడా అలవాటు కొద్దీ పెట్టేశాను. దొరసాని కోప్పడింది. పాప మాత్రం ఆ పసుపు చుక్క కావాలని పట్టుబట్టింది. చివరికి దొరసాని నవ్వి, పైకి కనిపించకుండా లోపలి మడతలో పెట్టుకోమంది. అప్పట్నుంచి పాపే గిన్నెలో వేలు ముంచి, ఎడమవైపు అంచు లోపల రాసుకునేది. వాళ్ళమ్మ బట్టలకూ రాస్తానని గిన్నె పట్టుకుని వెంటపడేది. దొరసాని ఏనాడూ రాయనివ్వలేదు.

ఆ పాప జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. ఏడాది దాటినా దొరసాని ఆ దుఃఖపు నల్లబట్ట విడవలేదు. తిండి తగ్గిపోయింది. పుట్టింటికి తీసుకెళ్తే తేరుకుంటుందని దొర సిడ్నీ ప్రయాణం పెట్టాడు. బట్టల పనికి నన్నూ రమ్మన్నాడు. అప్పటికి నాకు మళ్ళీ నాలుగో నెల. ఆ సంగతి మా ఆయనకు, పక్క గది పోలమ్మ వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

ఓడలో రోజూ సాయంత్రం భోజనానికి దొరసానులు పట్టు గౌన్లు వేసుకుంటారని, నిన్న వేసింది ఇవాళ వేయరని చెబితే పోలమ్మ వదిన నమ్మలేదు.

"ఏటే సూరమ్మా, బువ్వ తినడానికి గుడ్డ మారుస్తారా? మరి చెయ్యి కడగడానికి ఇంకోటి కడతారా?"

"చేతికి కూడా గుడ్డే వదినా. మోచేతుల దాకా తొడుగులు."

"అయితే కలుపుకునేదెలాగే?" అంది. గోడ అవతల మగవాళ్ళు కూడా నవ్వారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది. "జాగర్తే. ఆ గుడ్డలకేటైనా అయితే నిన్ను మళ్ళీ చాల్లోకి తోలేస్తాడు. ఈ కడుపైనా నిలబెట్టుకో."

సువా రేవులో పెద్ద ఓడ ఎక్కాం. పెట్టెలో ఎనిమిది గౌన్లు. అందులో నల్లవి మూడు. లేత నీలం పట్టు గౌను దొర సువాలో ఒక తెల్లామె దగ్గర కొత్తగా కుట్టించాడు. పల్చటి కాగితంలో చుట్టి, దారంతో ముడివేసి ఇచ్చింది. అలాగే పెట్టెలో అడుగున పెట్టాను.

భోజనానికి గంట ముందు ఓడలో గంట కొడతారు. అది వినగానే మూడు గౌన్లు తీసి మంచం మీద పరిచేదాన్ని. దొరసాని వాటిని చాలాసేపు చూసేది. గులాబీ రంగుది ఎత్తి ఒంటికి ఆనించుకుని, అద్దంలో చూసి మళ్ళీ పెట్టేసేది. చెయ్యి చివరికి నల్లదాని మీదికే వెళ్ళేది. మూడు సాయంత్రాలూ అంతే. మూడో రోజు దొర నన్ను గది బయటికి పిలిచాడు.

"రేపు నల్లవి పైకి తీయకు. కప్తాను బల్ల దగ్గర అందరూ చూస్తున్నారు. నీలంది తియ్యి. దానికి చిన్న మరకైనా అయిందో, తిరిగి వెళ్ళగానే కత్తి పట్టుకుని పొలానికి పో."

నాలుగో రోజు గంట కొట్టినప్పుడు ఇంకా ఎండ ఉంది. దొరసాని తాళంచెవి నాకిచ్చి పైన గాలికి నిలబడింది. చేతులు రెండుసార్లు కడుక్కుని పెట్టె తెరిచాను. కాగితం చిరగలేదు. కుట్టినామె వేసిన ముడి అలాగే ఉంది. దాన్ని నేనే కత్తిరించాను.

గౌను పరిచి అంచు సరిచేస్తుంటే ఎడమవైపు లోపలి మడతలో పసుపు కనిపించింది.

తాకి చూశాను. తడిగా ఉంది. నా వేలికి అంటింది.

ఆ క్షణం నాకు పాప గుర్తుకు రాలేదు. చెరుకు చాలు గుర్తొచ్చింది. గబగబా తడిగుడ్డకు సబ్బు రాసి అంచు రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలియని తెలుగు ఆడది ఉండదు. భయంలో నేను మరిచిపోయాను. లేత నీలం మీద మరక రక్తంలా తేలింది. అది నిజమైన పసుపేనని నాకు అప్పుడే రూఢి అయింది.

ఎర్రబడ్డాక మరక ఆకారం కూడా తెలిసింది. చిన్న వేలు ఒత్తి పక్కకు లాగిన గీత. నా చిటికెన వేలు పెట్టి చూశాను. గీత వెడల్పు అందులో సగం లేదు.

దొరసాని వచ్చేసరికి గౌను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. ఆమె మాట వచ్చీరాని హిందుస్తానీ, నాదీ అంతే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అంచు చూపించి, జరిగింది చెప్పాను.

"నీ దగ్గర పసుపు ఉందా?"

"లేదమ్మా. కొమ్ము లైన్లోనే వదిలేశాను."

నా మూట నేనే విప్పి చూపించాను. రెండు చీరలు, దువ్వెన, కొబ్బరినూనె సీసా. ఆమె కేకలు వేయలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూసింది. ఆ ఎర్రగీత మీద తన వేలు పెట్టబోయి ఆగింది.

"ఎడమవైపే" అంది.

"అవునమ్మా."

"గౌను తొడుగు" అంది.

వెనక హుక్కులు ఒక్కొక్కటిగా పెట్టాను. ఆమె కదలకుండా నిలబడింది. అప్పుడే దొర లోపలికి వచ్చాడు. నీలం గౌను చూసి ముఖం విప్పారింది. అంతలో కింద అంచు బయటికి ఊరిన తడి, ఎరుపు కనిపించాయి. నావైపు ఒక్క అడుగు వేశాడు.

దొరసాని మధ్యలోకి వచ్చింది. వాళ్ళ భాషలో చెప్పిన మాట నాకు కొంత అర్థమైంది, మిగతాది తర్వాత ఆమే చెప్పింది. "ఆమెను ఏమీ అనకు. అది నేనే పెట్టాను. ఎందుకని అడగకు."

దొర ఆగి, చెయ్యి చాచాడు. ఇద్దరూ మెట్లు దిగుతుంటే పైనుంచి చూశాను. ఒక చెయ్యి అతని చేతిలో ఉంది. రెండో చేతిలో గౌను ఎడమ అంచు. ఎవరో చిన్నపిల్లను నడిపిస్తున్నట్టు పట్టుకుంది. పాప పోయాక ఆమె కడుపునిండా తిన్నది ఆ పూటేనని మర్నాడు దొర స్వయంగా నాతో అన్నాడు.

తర్వాత నేను ఊరుకోలేదు. ఓడ వంటింట్లో వెతికాను. వంటవాళ్ళందరూ తెల్లవాళ్ళే. ఒక కూరపొడి డబ్బా చూపించారు. ధనియాలు, జీలకర్ర వాసన. అంచు మీద ఆ వాసన లేదు. కుట్టినామె చేతి మరక అనుకుందామంటే అన్ని రోజులు తడి ఉండదు. తాళంచెవి దొరసాని మెడలో గొలుసుకే ఉండేది. ఆమే పెట్టిందా అని కూడా ఆలోచించాను. ఆమె దగ్గర మాత్రం పసుపు ఎక్కడిది? పెట్టినా, ఆ గీత వెడల్పు ఆమె వేలిది కాదు.

నన్ను మళ్ళీ పొలానికి పంపలేదు. బంగళా వెనక గదిలో నాకు ఆడపిల్ల పుట్టింది. తల నెరిశాక నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. ఇది రాస్తుంటే పక్కన కూర్చుని చదివి, "అమ్మా, పాప మీద బెంగతో నువ్వే పెట్టి మరిచిపోయుంటావు" అంది.

అదైనా నిజమైతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. నాకు తెలిసినంతలో నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో, ఈ రోజుకీ చెప్పలేను.