కొత్తల పండక్కి ముందు కోసిన కాయ

మా అమ్మ మా ఊరి ప్రార్థన మందిరంలో పిల్లలకు ఏటా ఒక కథ చెప్పేది. యేసు కోసం ప్రాణం పెట్టిన మొట్టమొదటి హతసాక్షి కథ. జనం రాళ్లతో కొడుతుంటే అతను మోకాళ్ల మీద పడి, ఈ పాపం వీళ్ల మీద మోపవద్దని వేడుకుంటూ కన్నుమూశాడు. అది వింటే నాకు ఒళ్లు మండేది. "ఆ రాయే తీసి తిరిగి ఇసరొచ్చు కదా, అప్పుడు ప్రార్థనేటి?" అనేదాన్ని. "నోరు ముయ్యే గుంటా" అని కసిరేది అమ్మ.

అరకు కొండల మీద మా ఊళ్లో కొత్తల పండగ కానిదే, అంటే తొలి మామిడికాయ అమ్మవారికి పెట్టనిదే, ఎవరూ కాయ ముట్టరు. ఆ పూజ చేసేది మావయ్యే, అమ్మకు సొంత అన్న. మందిరానికి వెళ్లే అమ్మకు ఆ పట్టింపు లేదు. నిరుడు పండగ ఇంకా రాకుండానే ఎండుచేపల్లో మామిడికాయ కోసి వేసింది. పులుసు వాసన వీధంతా కొట్టింది. మర్నాడే మావయ్య దుక్కిటెద్దు చచ్చిపోయింది.

మావయ్య మా వాకిట్లోకి వచ్చి అరిచాడు. "నీ దేవుడు నీకుంటే ఉండనీ! ఊరి కట్టు ఎందుకు తప్పినావు? నా ఎద్దు సచ్చిపోనాది!" అమ్మ ఏదో చెప్పబోయింది. అతను వంగి రాయి తీశాడు. బెదిరిస్తున్నాడనుకున్నాను. విసిరేశాడు. తిన్నగా అమ్మ ఎడమ కంటికి తగిలింది.

ఓరి దేవుడో! చిన్నప్పుడు అమ్మను భుజాల మీద ఎక్కించుకుని సంతకు తీసుకెళ్లిన అన్న ఇతనేనా? మావయ్య కొయ్యబారిపోయాడు. నేనూ ఓ రాయి అందుకున్నాను. ముఖమంతా నెత్తురు కారుతున్నా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పారెయ్యి. బేగి ఆటోని పిలు."

ఘాట్ రోడ్డు దిగి పట్నం ఆసుపత్రికి చేరాం. కన్ను పోయిందన్నారు. పోలీసు వచ్చి ఎవరు కొట్టారని అడిగాడు.

"ఎవులో నాకు తెలుసు బాబూ. సెప్పను" అంది అమ్మ.

"నీకు మతి పోయిందేటి? కన్ను పోయిందమ్మా, కన్ను!" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది.

"పోయింది నా కన్నే కదే. అన్న జైలుకెళ్తే తిరిగొస్తదా? నువ్వూ సెప్పకు, నా మీదొట్టు."

కథలో వినడం వేరు. అదే మాట ముఖానికి కట్టుతో ఉన్న మా అమ్మ నోట వినడం వేరు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఇలాంటి మనిషి కడుపునా నేను పుట్టాను?

పండగ వెళ్లిన మర్నాడు మావయ్య వచ్చాడు. గడప దాటలేదు. చేతిలో ఒక్క మామిడికాయ. "పూజలో ఎట్టింది కాదు సెల్లీ. అది నువ్వు తినవని సెట్టు కాడ్నించి తిన్నగా తెచ్చినాను."

అమ్మ చెయ్యి చాపింది. అతను నిలబడింది కన్ను లేని వైపు. అమ్మ చెయ్యి కాయకు జానెడు అవతల గాలిలో తడుముకుంది. మావయ్య ఆ చేతిని పట్టుకుని, కాయ అందులో పెట్టి, గడప మీదే కూలబడి బావురుమన్నాడు.

అమ్మ కాయ కోసింది. అన్నకొక ముక్క, తనకొక ముక్క, నాకొక ముక్క. నాకు ఇంకా కోపం చావలేదు. అయినా తిన్నాను.