మస్తాను కట్టిన నా గది పన్ను

ముప్పై ఏళ్ళ నుంచి ఒక్క మాటను మొయ్యలేక మోస్తున్నాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇవాళ రాయడానికి ఎంతో ఆత్రంగా ఉంది. నువ్వెవరైనా సరే, చదువు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నరసరావుపేటలో మా ఇల్లూ, పరుపులు కుట్టే మస్తాను ఇల్లూ ఒకే పెరట్లో ఉండేవి. రెండూ పూరిళ్ళే. మిరపకాయల బస్తాలు పెట్టుకోవడానికి పెరటి నడుమ నేను నాపరాళ్ళ కప్పుతో ఒక గది కట్టుకున్నాను. ఆ ఏడే మునిసిపాలిటీ గుమాస్తా ఇళ్ళ పన్ను వెయ్యడానికి వచ్చాడు. వీధి దీపాల్లో కిరసనాయిలు, చెత్తబండ్లు, రేపు మన వీధికొచ్చే కుళాయి, అన్నీ ఈ పన్నుల్లోంచేనని చెప్పాడు. కుళాయి అనగానే అందరికంటే ముందు ఎగిరింది నేనే. రాతి కప్పుకు పన్ను ఎక్కువంటూ, ఆయన ఆ గది ఎవరిదని అడిగాడు. మస్తాను పనికి నకరికల్లు వెళ్ళి ఉన్నాడు.

మస్తానుది అన్నాను.

ఎందుకన్నాను? కట్టలేకనా? కట్టగలను. గుమాస్తా వీధి చివరి దాకా నడిచి పోయేంతసేపూ వెనక నుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది, నా నోరు పెద్దదని ఊరంతా అంటారు, ఆ నోరు ఆవేళ ఏమైంది?

మస్తానుకు చదువు రాదు, అప్పట్లో నాకూ రాదు. పన్ను కాగితంలో ఎంతుందో ఎవరినో అడిగి తెలుసుకుని, ఇంతెందుకు పెరిగిందని నా దగ్గరికొస్తే, అందరికీ పెరిగిందని చెప్పాను. నమ్మాడు. గడువుకు కట్టలేకపోయాడు. వాళ్ళ ఇత్తడి గుండిగను జప్తు చేసి వేలం వేశారు.

ఆ తర్వాత కుళాయి వచ్చింది. అబ్బ, ఆ పొద్దు! వీధంతా బిందెలే. గొట్టం దగ్గింది, ఎర్రనీళ్ళు కక్కింది, ఆ వెనకే తెల్లటి ధార. ఆడవాళ్ళు కేకలు. మస్తాను కూతుర్ని భుజాన వేసుకుని గంతులేశాడు.

"బాబాయ్! మా గుండిగ ఎటుబోయిందా అనుకున్నా. కుళాయై తిరిగొచ్చింది!"

వీధంతా పగలబడి నవ్వింది. మట్టికుండతో వెనక నిలబడిన పెళ్ళాన్ని ముందుకు తోశాడు.

"ఏమే, సిగ్గేంది? మన పన్ను నీళ్ళే! ఉండుండు, ముందు బాబాయిని పట్టుకోనీ. ఆయన గూడా చానా కట్టుంటాడు."

"కట్టాన్లేరా," అన్నాను.

నా బిందె నిండింది. ఆ నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. అందరిలాగే నేనూ నవ్వాను, నిజంగానే సంతోషపడ్డాను. అదెట్లా సాధ్యమైంది? ఇప్పటికీ అర్థం కాదు.

మస్తాను పోయి పదేళ్ళు. చెప్పాల్సినవాడు లేడు. క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. కానీ చూడు, నా చేత్తో రాస్తున్నాను, రాయగలుగుతున్నాను. ఆ గది నాది. ఆ పన్ను నాది. గుండిగ మస్తానుది.