నాయనమ్మ కొత్త బాతులు

వాన పడిన సాయంత్రాల్లో, గుంటూరులో మా సందు చివరి దాణా కొట్టు ముందు నడుస్తుంటే, తడిసిన తవుడు వాసనకు నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. దాచేపల్లి అవతల కాలువగట్టు మీది మా ఇల్లు, తవుడులో నూకలు కలుపుతూ మోచేతుల దాకా తెల్లబడ్డ నాయనమ్మ చేతులు, ఎండబోసిన మిరపకాయల మీద తడికాళ్లతో నడిచిపోయే బాతులు, వాటి వెనక ఆమె కేకలు, అన్నీ మెల్లగా లేచి వస్తాయి.

నాకప్పుడు పదకొండేళ్లు. గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివి, ఇంట్లో వినిపించడమే నా గొప్ప. ఒకరోజు, ఎర్రమొహం ఉండే మస్కోవీ జాతి మగబాతును నాటు ఆడబాతులతో కలిపితే పుట్టే పిల్లలు త్వరగా ఎదిగి, మాంసానికి బాగా బరువు తూగుతాయని చదివాను. ఆ పేజీ చివర పుస్తకం మూసేసి పరుగున వచ్చి చెప్పాను. నాయనమ్మ నమ్మింది. మేనత్త ఊరి నుంచి అలాంటి మగబాతును తెప్పించింది. అది అరిచేది కాదు, బుసకొట్టేది.

ఆ వానాకాలం పుట్టిన పిల్లలు క్రిస్మస్ నాటికి రెండు చేతులతో ఎత్తాల్సినంత అయ్యాయి. కట్టెల పొయ్యి మీద మా చేలో కాయల కారంతో, అల్లంతో ఉడుకుతున్న ఆ కూర వాసనకు, పాటలు పాడుతూ వచ్చినవాళ్లు మా గుమ్మం దాటి కదల్లేదు. వచ్చే ఏడు ఇంటికో జత పిల్లలిస్తానని నాయనమ్మ వీధందరికీ మాటిచ్చేసింది. "ఇంత జాతి చేతికొచ్చాక ఈ ముసలోడెందుకే?" అని ఎర్రమొహం దాన్నీ, నాటు బాతుల్నీ పండక్కే కోయించి, కొత్తవాటిలో ఒక మగదాన్నీ రెండు ఆడవాటినీ విత్తనానికి ఉంచింది.

మరుసటి వానాకాలం అవి పెట్టిన కాసిని చిన్న గుడ్లను కోడి కింద పొదగేసింది. ఒక్కటీ పిల్ల కాలేదు. "ఉరుములకు చెడ్డాయి" అంది. ఉరుము తగలకుండా పొదిగే గంపలో ఇనపముక్క వేయడం మా వైపు అలవాటు. రెండోసారి ఆమె మేకుతో పాటు గొళ్లెం, విరిగిన కొడవలి కూడా వేసి, గంప మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

పక్కింటి మరియమ్మ గోడ మీంచి చూసి, "ఏందత్తా, బాతుల్ని పొదిగిస్తన్నావా, పారల్నా? మా జత మాత్రం మర్చిపోమాకు!" అని నవ్వింది.

"నీకియ్యకుండా ఎవరికిస్తానే!"

నేను మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, అప్పుడు తిప్పని పేజీ తిప్పాను. కంచరగాడిదలాగే ఈ సంకర బాతులకూ సంతానం కలగదని, ప్రతిసారీ ఆ రెండు జాతుల్నీ కలపాల్సిందేనని ఉంది.

చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తవుడు కలుపుతున్న చెయ్యి ఆగింది.

"పోయినేడు ఆ పేజీ ఎందుకు చదవలేదే?"

"నీకు చెప్పాలని తొందరొచ్చింది నాయనమ్మా."

ఆమె కోడిని లేపి గుడ్లన్నీ తీసేసింది. చేతులు కడుక్కుని, నా చెయ్యి పట్టుకుని వీధంతా తిరిగింది. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట: "పుస్తకంలో రాసే ఉందంట. పిల్ల చదువుతానే ఉంది, నేనే సగం విని లేచొచ్చా. ఈ జాతికి పిల్లలు రావు. ఏమనుకోబాకండి."

ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో కోడికూర వండారు. ఆ మూడు బాతుల జోలికి నాయనమ్మ ఎవరినీ వెళ్లనివ్వలేదు.

నాయనమ్మ పోయింది. కాలువ వెడల్పు చేసినప్పుడు ఇల్లూ పోయింది. ఆ నీళ్లలో ఇప్పటికీ బాతులు తిరుగుతుంటాయి, అన్నీ నాటువే. నల్లటి వీపు మీద ఆకుపచ్చ మెరుపుతో, ఈదడానికి బద్ధకించే ఆ పెద్ద సంకర బాతు అక్కడ ఉండదని నాకు తెలుసు. అయినా వంతెన దగ్గర బస్సు నెమ్మదించినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను.