దగ్గుకి దిగిపోయిన గోడ

ఎవరింట్లోనైనా గోడ పొద్దుటికన్నా సాయంత్రానికి పెరుగుతుంది. మొన్న మా ఇంట్లో తరిగింది! మేస్త్రిది తప్పు కాదు, ఇటికలది అంతకన్నా కాదు. మరెవరిదంటారా? వినండి.

చోడవరంలో మా ఇంటికి పడమటి పక్కన ఒక గది వేస్తన్నాం. సిమెంటు పర్మిట్టు ఉన్నవాళ్ళకే దొరుకుతంది, మాకెక్కడిది? ఇటికా సున్నమూనే. గోడలు దూలం ఎత్తుకి దగ్గరపడ్డాయి. ఇంకొక్క మూరెడు లేస్తే చాలు. సరిగ్గా అప్పుడే పొలంలో చెరకు గానుగ మొదలైంది. మా ఆయన బెల్లం పెనం దగ్గర్నుంచి కదలడానికి లేదు. పాకం ముదిరిందంటే ఇంక అంతే కదా.

"గోడ పని నువ్వు చూసుకోవే," అన్నారు.

నేనా! చిన్నప్పట్నుంచీ నాకు బయటి మగాళ్ళ ఎదటికి రావడమంటే సిగ్గు. గాజులమ్మే తాతతో కూడా తలుపు చాటునుంచే బేరమాడతాను. అలాంటిది మేస్త్రికి నేను పని చెప్పడమేటి?

"చెప్పక్కర్లేదు. కిటికీ వెనకాల కూచో. ఇటిక వంకరైనా, సున్నంలో ఇసక ఎక్కువైనా ఓ దగ్గు దగ్గు. సన్నాసయ్యకి నేను చెప్పి పెడతాను," అన్నారు.

సన్నాసయ్య మా తాపీ మేస్త్రి. అతనికి మా ఆయన ఏం చెప్పేరో నేను లోపల్నుంచి విన్నాను. "మా ఆవిడ మాటాడదు గాని, అది గద్ద కన్నురా. దగ్గిందంటే ఎక్కడో తప్పున్నట్టే!"

మొదటి రోజు బాగానే జరిగింది. మూల దగ్గర గోడ బయటికి ఒరిగినట్టు కనిపించింది. సిగ్గుపడుతూనే దగ్గేను. సన్నాసయ్య తాడుకి కట్టిన ఇనప గుండు వేలాడదీసి చూసేడు.

"ఓలమ్మ! నిజమే! బొటనేలంత ఒరిగిపోనాది!" అని ఆ నాలుగిటికలూ తీసి మళ్ళీ పెట్టేడు.

నా దగ్గుకి ఒక మేస్త్రి పని ఆగడమా! ఆ పూట మా ఆయనకి అన్నం వడ్డిస్తూ నేనెంత నిటారుగా నిలబడ్డానో నాకే తెలుసు.

మర్నాడే అసలు గొడవ. ఆ తెల్లారితే దూలం ఎత్తడానికి ముహూర్తం. అది దాటితే మూఢం, మళ్ళీ మంచిరోజు ఎప్పటికో అని పంతులుగారు ముందే చెప్పేసేరు. అంతవరకూ కప్పు లేని గోడలు ఎండకి ఎండాలి, వానకి నానాలి. దానికి తోడు మాడుగుల నుంచి మా బావగారు వస్తన్నారు. ఆయన ముందురోజే గానుగ దగ్గరికొచ్చి, సంగతి విని, మా ఆయన్ని ఏడిపించి వెళ్ళేరు. "ఒరే తమ్ముడూ, పెళ్ళాన్ని కిటికీలో కూచోబెట్టి గోడ కట్టిస్తన్నావా? ఇంక దూలం లేచినట్టే!" అని. అంచేత ఆ మూరెడు గోడా లేచిందా లేదా అన్నదాని మీదే నా పరువుంది.

ఆ రోజే నాకు జలుబు పట్టుకుంది.

పొద్దున్నే కిటికీ దగ్గర కూచున్నానో లేదో, ఖళ్ళుమని దగ్గొచ్చింది. సన్నాసయ్య చెయ్యి ఆగిపోయింది. గుండు వేలాడదీసేడు. ఇటికని కొట్టి చూసేడు. ఒక కన్ను మూసి చూసేడు.

"ఏదో ఉందిలే. మన కంటికి ఆనటం నేదు గాని అమ్మగారికి ఆనతంది," అని ఇటిక తీసేసేడు.

అయ్యో, అది ఉత్త దగ్గు అని చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. ఈలోగా రెండోది వచ్చింది. ఈసారి వరసంతా తీసేసేడు!

ఇలాక్కాదని కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేను. అది కీచుమంది.

సున్నం మోస్తన్న పైడమ్మ, "మేస్త్రీ, ఇప్పుడు సన్నంగా దగ్గినారు," అంది.

"అయితే సిన్న తప్పేలే," అని సన్నాసయ్య ఒక్క ఇటిక సర్దేడు.

సరే, ఇక్కడ ఉంటేనే కదా అని లేచి పెరట్లోకి పోయి, ఆవు పక్కన నిలబడి కడుపారా దగ్గేను. గోడ మీంచి కేక వినిపించింది. "ఒసే పైడీ! అమ్మగారు ఎనకాలెల్లి కూడా సూస్తన్నారే! అటేపు కూడా ఏదో ఉన్నాది!"

అటువైపు కూడా విప్పేడు!

మీరు నమ్మరు గాని, దగ్గినప్పుడల్లా అతనికి ఏదో ఒక తప్పు కనిపించేది. ఇటిక వంకర కాకపోతే సున్నం పలచన, సున్నం పలచన కాకపోతే వరస తిన్నగా రావడానికి కట్టిన దారం వదులు. వెతికితే దొరకని తప్పుంటుందా చెప్పండి?

మధ్యాహ్నానికి పైడమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మగారో, మేస్త్రి అడగమన్నాడు. అసలు తప్పెక్కడున్నాదో సెప్పండమ్మా, తీసేత్తాడు," అంది.

దేవుడిచ్చిన అవకాశం! "తప్పేం లేదే, పైడమ్మా. గోడ బాగానే..." అన్నాను. 'ఉంది' అనేలోగా దగ్గు ముంచుకొచ్చింది. పైడమ్మ మొహం పాలిపోయింది. పరుగెత్తి పోయి, "మేస్త్రీ! బాగానే అంటన్నారు గాని బాగునేదు!" అని చెప్పింది.

రేపటి చుట్టాలకి కారప్పొడి చెయ్యాలి కదా, మిరపకాయలు వేయించడం మొదలుపెట్టేను. ఇంక ఆ తరవాత సంగతి నన్నడక్కండి.

పొద్దు వాలేక మా ఆయన పొలం నుంచి వచ్చేరు. వాకిట్లోనే ఆగిపోయేరు.

"ఒరే సన్నాసయ్యా, ఏటిది? నిన్న నా తలకన్నా ఎత్తున్న గోడ ఇవాళ భుజం దగ్గరికొచ్చిందేటి?"

సన్నాసయ్య పరంజా మీద కూలబడ్డాడు. "బాబూ, నా వల్ల కాదు. గెడ్డాలు నెరిసినాయి, ఇన్ని తప్పులు నానెప్పుడూ సెయ్యనేదు. అమ్మగారికి ఒక్క ఇటికా నచ్చటం నేదు!"

మా ఆయన కిటికీకేసి చూసేరు. నేనేం చెప్పను? దగ్గేను. సన్నాసయ్య చెయ్యి దానంతట అదే ఇంకో ఇటిక మీదికి పోయింది!

మా ఆయనకి అప్పుడర్థమైంది. అరుగు మీద కూచుని పొట్ట పట్టుకు నవ్వేరు. నాకు మటుకు ఏడుపొచ్చింది. "ముహూర్తం పోతుందండీ," అన్నాను.

సన్నాసయ్య లేచి తలగుడ్డ బిగించేడు. "రేపు తెల్లారి ఎలుగు రాకముందే వచ్చి కట్టేస్తాను బాబూ. గాని ఒక్కటే. అమ్మగారు ఎదట నిలబడి నోటితో సెప్పాల. దగ్గులు నాకొద్దు!"

మా ఆయన పెనం దగ్గరికి పోవాల్సిందే. అంటే మర్నాడు వాకిట్లో నిలబడాల్సింది నేనే. నిలబడ్డాను. కొంగు కళ్ళదాకా లాక్కుని, మొదటి వరసకి "బాగుంది" అన్నాను. నాకే వినిపించలేదు. "ఏటమ్మా?" అన్నాడు. "బాగుంది!" అన్నాను. రెండో వరసకి కొంగు నుదుటిమీదికి జారింది. నాలుగో వరస దగ్గర, "ఆ చివర కొంచెం పల్లమైంది, సర్దు," అన్నాను. అన్నది నేనేనా అని నేనే వెనక్కి తిరిగి చూసేను!

మాడుగుల బస్సు దిగి బావగారు వచ్చేసరికి ఆఖరి ఇటిక పడింది.

దూలానికి పసుపు రాసేరు, మావిడాకులు కట్టేరు. మగాళ్ళు తాళ్ళు పట్టి పైకి లాగుతన్నారు. ముహూర్తం వేళకి పెనం వదిలేసి వచ్చిన మా ఆయన కూడా ఒక తాడు పట్టుకున్నారు. పంతులుగారు మంత్రం చదువుతన్నారు. అప్పుడు నా గొంతులో గరగర మొదలైంది.

గోడ మీంచి సన్నాసయ్య నాకేసే చూస్తన్నాడు. కొంగు సగం నోట్లో కుక్కేసుకున్నాను. కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి. బావగారు పక్కవాళ్ళతో, "పాపం, కొత్త గది కదా, సంతోషం పట్టలేకపోతంది," అంటన్నారు.

దూలం గోడ మీద కూచుంది. ఆ క్షణానే నా దగ్గు పేలింది. పంతులుగారి చేతిలో అక్షింతలు రాలిపోయేయి!

సన్నాసయ్య రెండు చేతులా దూలాన్ని కావిలించుకున్నాడు. "అమ్మగారూ! తప్పుంటే ఉండనీండి! ఇది మటుకు నాను దించను!"

వాకిలంతా ఒకటే నవ్వు. బావగారైతే కళ్ళు తుడుచుకున్నారు.

గది తయారైంది. గోడ తిన్నగానే ఉంది. ఇప్పుడు బజార్లో సన్నాసయ్య ఎదురైతే ఆగి మాటాడడానికి నాకేం సిగ్గు లేదు. దగ్గడానికే సిగ్గు.