గుండ్రం కాని మూల

ప్రెస్సులో ఆమెను అందరూ మూలలమ్మ అంటారు. పిల్లలు పోగుచేసుకునే బొమ్మల కార్డులు అచ్చువేసే ప్రెస్సు అది. కటింగ్ గదిలో పెద్ద షీట్లను కార్డులుగా కోస్తారు. అప్పుడే కోసిన కార్డు మూల సూదిలా గుచ్చుకుంటుంది. కార్డుల్ని కట్టగా పట్టుకుని, కాలితో పెడల్ తొక్కి, ఆ మూలల్ని గుండ్రంగా చేసే మెషిన్ ఆమెది. అక్కణ్ణుంచి అవి సార్టింగ్ బల్ల మీదికి వెళ్తాయి. అక్కడి ఆడవాళ్ళు వాటిని లెక్కపెట్టి, కలగలిపి, పాకెట్లలో వేస్తారు.

"మూలలమ్మా, మా ఆయన మాట కూడా కాస్త గుండ్రం చేసి పెట్టవే, తెగ గుచ్చుకుంటోంది!" అని సార్టింగ్ బల్ల దగ్గర్నుంచి ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు.

"మా మెషిన్‌కి అంత బలం లేదమ్మా తల్లీ!" అని ఈమె జవాబు.

రోజంతా కార్డులతో గడిపిన మనిషికి ఇంటికెళ్ళాక కార్డు ముఖం చూడబుద్ధి కాకూడదు. కానీ మెషిన్ దగ్గర ఆమెకు కనిపించేది కట్ట అంచు మాత్రమే. బొమ్మ చూస్తూ కూర్చుంటే వేలు తెగుతుంది. తన చేతుల మీదుగా పోతున్న కార్డుల మీద అసలేముందో చూద్దామని ఒకరోజు కొట్లో పాకెట్ కొన్నది. పిట్టల బొమ్మలు. ఆ రంగులు చూసి ముచ్చటపడింది. అలా మొదలైంది.

సెట్టు నింపడానికి ఎవరి దారి వాళ్ళది. వ్యాను నడిపే ఆమె తమ్ముడిది తొందర బాపతు. చేతిలో డబ్బు పడగానే పెట్టెకు పెట్టె కొనేసి, వరసగా చింపేసి, ఒకటే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంటే కంపెనీని బూతులు తిడతాడు. ప్రెస్సులో సూపర్‌వైజర్‌ది దర్జా బాపతు. సీలు తీయని పూర్తి సెట్టు తెప్పించి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు, ఒక్క పిట్ట ముఖమూ చూడలేదు. పక్కింట్లో రిటైరైన పోస్ట్‌మేన్ బాబాయికి సెట్టు నిండటమే ఇష్టం లేదు. "నిండిపోతే ఆదివారం పూట నేనెక్కడికి పోవాలే అమ్మాయ్?" అంటాడు.

ఈమెది మార్పిడి బాపతు. జీతం రోజున ఒక పాకెట్ కొంటుంది, అంతే. మిగతావన్నీ ఆదివారం లైబ్రరీ ముందు ఫుట్‌పాత్ మీద చేతులు మారాల్సిందే. నాకు రెండున్నది నీకు లేదు, నీకు రెండున్నది నాకు లేదు. ఇద్దరూ నవ్వుతూ ఇంటికెళ్ళే బేరం లోకంలో ఇంకెక్కడుందో నాకైతే తెలియదు.

అలా సెట్టంతా నిండింది, తెల్ల గుడ్లగూబ ఒక్కటి తప్ప. దాన్ని కంపెనీ కావాలనే తక్కువ వేస్తుంది. అది దొరక్కపోతేనే కదా పిల్లలు ఏడ్చి గోల చేసేది, తల్లిదండ్రులు ఇంకో పాకెట్ కొనేది! కావాలని కరువు సృష్టించి దానికి అదృష్టమని పేరు పెట్టిన వ్యాపారం అది. ఈమెకు గుడ్లగూబ ఒక్కటే తక్కువని ప్రెస్సులో అందరికీ తెలుసు. "నీ గూబ దొరికిందా?" అని పలకరించుకోవడం అలవాటైపోయింది.

ఆ నవ్వులాట ఒక శనివారం ఆగిపోయింది. సార్టింగ్ బల్ల దగ్గర గుప్పెడు గుడ్లగూబలు తక్కువొచ్చాయి. ప్రెస్సు మొత్తంలో కార్డులు లెక్కపెట్టేది ఆ బల్ల దగ్గరే. కాబట్టి దొంగ కూడా ఆ బల్ల దగ్గరే ఉండాలని ఆఫీసు తీర్మానించింది. ఆ రోజు ఆ కట్ట లెక్క చూసింది అందరూ అత్తా అని పిలిచే పెద్దావిడ. సూపర్‌వైజర్ ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు.

"సోమవారం డ్యూటీ దిగేలోగా ఒప్పుకో. లేదంటే పోలీసులే ఒప్పిస్తారు."

"తీయనిది ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను నాయనా?" అంది అత్త. గొంతులో కోపం ఉంది.

మర్నాడు ఆదివారం. ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ చూడని మనిషి ఒకడు టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిలబడ్డాడు. అతని చేతిలో తెల్ల గుడ్లగూబ. మూలలమ్మకు ఒళ్ళు జల్లుమంది. అత్త సంగతి గుర్తు రాకపోలేదు. అయినా ఊళ్ళో పాకెట్లు కొనేవాళ్ళు తక్కువా, ఎవరికో వచ్చుంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. తన దగ్గరున్న డబుల్స్ కట్టంతా ఇచ్చి, అందుకుని, పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది.

ఆల్బమ్ తెరిచి, అందులోని ఖాళీ అరలోకి కార్డు జారవిడవబోయింది. బొటనవేలికి చురుక్కుమంది.

మూల గుండ్రంగా లేదు.

వేలితో మళ్ళీ తడిమి చూసింది. మూల గుచ్చుకుంటోందంటే ఈ కార్డు తన మెషిన్ దాటలేదు. తన మెషిన్ దాటనిది సార్టింగ్ బల్ల మీదికి రానేరాదు. అత్త ఈ కార్డును ముట్టుకునే వీలే లేదు! ఆ సంతోషం నిండా ఒక నిమిషం నిలవలేదు. మూలలు గుచ్చుకునే కార్డులుండేది ప్రెస్సులో రెండే చోట్ల. ఒకటి, తాళం ఆఫీసు చేతిలో ఉండే కటింగ్ గది. రెండోది తన మెషిన్.

తమ్ముడికి చెప్పింది. వాడు విని పకపకా నవ్వాడు.

"అక్కా, మెషిన్ నీదేనాయె. రేపు పట్టుకెళ్ళి నాలుగు తొక్కులు తొక్కావంటే అసలైన కార్డయిపోతుంది. సెట్టూ నిండుతుంది, గొడవా ఉండదు."

"మరి అత్తో?"

"అత్తకి నువ్వేం చుట్టం? ఇది చూపించావనుకో, గూబ తక్కువున్నది ఎవరికి? నీకు. దొరికింది ఎవరి దగ్గర? నీ దగ్గర. ఇంక దొంగ కోసం వాళ్ళు వేరే ఊరు పోవాలా?"

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమెకు ఆ రాత్రి కునుకు పట్టలేదు.

సోమవారం కార్డు రవికలో దాచుకుని ప్రెస్సుకి వెళ్ళింది. లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ వెతకరు. బయటికి పోయేటప్పుడే, అదీ కూలి మనుషుల్నే. కొప్పులు విప్పించి, చెప్పులు దులిపించి, తిన్న డబ్బాలు కూడా తెరిపిస్తారు. కటింగ్ వాళ్ళకీ సార్టింగ్ వాళ్ళకీ ఉన్న చెకింగ్ ఆఫీసు వాళ్ళ బ్యాగులకు మాత్రం లేదు.

పొద్దుటి నుంచీ పెడల్ తొక్కుతూనే ఉంది. కట్ట తర్వాత కట్ట. గుండెల దగ్గర ఆ మూల ప్రతి ఊపిరికీ గుచ్చుకుంటోంది. మధ్యాహ్నం మెషిన్ దగ్గర ఎవరూ లేని సమయం చూసి కార్డు బయటికి తీసింది. మెషిన్ గాడిలో పెట్టింది. కాలు పెడల్ మీద ఆనించింది. నాలుగుసార్లు తొక్కితే సాక్ష్యం చెత్తబుట్టలో గోరంత ముక్కలై పడుతుంది. సెట్టు నిండుతుంది. అటు చూస్తే అత్త ఎవరితోనూ మాట్లాడకుండా కార్డులు విడదీస్తోంది. పక్కనున్నవాళ్ళు ఆమెకు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు. మొన్నటిదాకా ఒకే డబ్బాలో తిన్నవాళ్ళే.

మూలలమ్మ కాలు పక్కకు తీసేసింది.

డ్యూటీ దిగే ముందు అత్తను ఆఫీసు గదికి పిలిచారు. మూలలమ్మ మెషిన్ ఆపేసి, పిలవకుండానే వెనకాల వెళ్ళింది. కార్డు తీసి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"పోయినవాటిల్లో ఒకటి సార్. నిన్న ఫుట్‌పాత్ మీద మార్చుకున్నాను. మూల పట్టుకు చూడండి. అత్త బల్ల మీదికి వచ్చేసరికి ఈ మూల ఉండదు."

సూపర్‌వైజర్ మూలను పట్టి చూశాడు. తర్వాత కళ్ళెత్తి ఈమెకేసి చూశాడు.

"నీకు తక్కువైంది ఇదేగా?"

"ఇదే."

"మూల ఉన్న కార్డు నీ చేతికే వస్తుందిగా?"

"వస్తుంది. నాకంటే ముందు కటింగ్ గదిలో ఉంటుంది. నన్ను వెతకండి, నేను కాదనను. అలాగే కటింగ్ గది తలుపు తీసేవాళ్ళనూ వెతకండి. అత్తను మాత్రం వదిలేయండి."

"ఎవరి దగ్గర మార్చుకున్నావో పేరు చెప్పు."

"తెలీదు సార్."

"సాక్షి?"

"లేరు."

అతను కార్డును సొరుగులో పడేసి తాళం వేశాడు. "ఎంక్వయిరీ అయ్యేదాకా రేపటి నుంచి రావద్దు" అన్నాడు. అత్తకేసి తిరిగి, "నువ్వు పో" అన్నాడు. క్షమించమన్న మాట అతని నోటి దాకా వచ్చినట్టే లేదు.

అత్త మూలలమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "పిచ్చిదానా, నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదే?" అని తిట్టింది. తిడుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సంగతి వాళ్ళకంటే ముందే గేటు దగ్గరికి చేరిపోయింది.

ఎప్పట్లాగే గేటు దగ్గర లైను. చెకింగ్ చేసే సెక్యూరిటీ ఆవిడ చెయ్యి చాపింది. వరసలో ముందున్నది అత్త. కొప్పు విప్పలేదు.

"ఏంటి అత్తా?"

"మూల గుచ్చుకునే కార్డు మా బల్ల మీదికి రాదటమ్మా, ఆఫీసులోనే తేలింది. అవి వచ్చే చోటు వాళ్ళ సంచులు ముందు చూడు. తర్వాత మేం విప్పుతాం."

వెనకాల ఎవరూ కదల్లేదు. ఇందాకటిదాకా ఎడంగా జరిగి కూర్చున్నవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. కటింగ్ గది మగవాళ్ళు తమ సంచులు తామే తెచ్చి సెక్యూరిటీ బల్ల మీద బోర్లించారు. టిఫిన్ డబ్బాలు, తువ్వాళ్ళు, ఒక దువ్వెన. ఇంకేం లేవు.

అప్పుడే సూపర్‌వైజర్ భుజాన తోలు బ్యాగుతో బయటికొచ్చాడు. లైను పక్కనుంచి ఎప్పటిలాగే దాటిపోబోయాడు. మూలలమ్మ దారికి అడ్డంగా నిలబడింది. అడుగు వెనక్కి వేయలేదు.

"నన్నే అనుమానిస్తున్నారా?" అతని గొంతు లేచింది.

"అనుమానం కాదు సార్, చెకింగ్" అంది మూలలమ్మ. "రోజూ మాకు మీరు చెప్పే మాటే."

లైనులో ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే ఆపేశారు. సెక్యూరిటీ ఆవిడ అటూ ఇటూ చూసింది. ఆవిడదీ రోజు కూలే, ఆవిడ కొప్పూ రోజూ విప్పేదే. బల్ల మీద ఒలికిన డబ్బాలను ఒక పక్కకు నెట్టి చోటు చేసింది.

"బ్యాగ్ ఇక్కడ పెట్టండి సార్."

అతను బ్యాగ్ పట్టీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. లైను కదల్లేదు.