ఇంటిపేరుతో సహా

పద్మారావు నగర్‌లో రక్తపరీక్షలు చేసే చోట ఆ పొద్దున ఉన్నవి: గోడకు ఆనించిన ఇనుప కుర్చీలు, ముక్కుకు ఘాటుగా తగిలే స్పిరిట్ వాసన, చెడిపోయిన టోకెన్ యంత్రం, దాని మీద అతికించిన ‘పేరు పెట్టి పిలుస్తాం’ అన్న కాగితం. ఉన్నవాళ్ళు: పరగడుపున వచ్చి చాయ్ కోసం ప్రాణం లాగుతున్న ఏడెనిమిది మంది, మా నాన్న, నేను, చీటీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఒక అమ్మాయి. ఆ అమ్మాయి పై చీటీ చూసి "పిట్టల!" అని కేకేసింది. ఊదారంగు చీర కట్టుకున్న పెద్దావిడ లేచింది. ఆమెకు ఎదురుగా, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడూ లేచాడు.

"ఇద్దరు లేస్తరేంది? పిట్టల ఎవరు?"

"నేనే," అంది పెద్దావిడ.

"నేను సుత పిట్టలే మేడమ్," అన్నాడు కుర్రాడు.

"గూడుకు గూడే లేచొచ్చినట్టున్నది," అని మూల కుర్చీలోంచి ఒక ముసలాయన అనేసరికి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. మా నాన్న నా వైపు తిరిగి "ఏమైందిరా?" అన్నాడు. "ఏం లే నాన్నా, కొమరయ్య తాత యాదికొచ్చిండు," అన్నాను.

పిట్టల కొమరయ్య అల్వాల్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమాని. సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాడు. మెకానికల్ డిప్లొమా అయ్యాక నేను కాప్రా దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాను. రాతి మీదా ఉక్కు మీదా యంత్రంతో అక్షరాలు చెక్కే చోటు అది. యంత్రానికి కావలసిన డ్రాయింగులు గీయడం నా పని. పెళ్ళయ్యేదాకా ఆయన ఇంటి మేడ మీది గదిలోనే ఉన్నాను. గది చూడటానికి వెళ్ళిన రోజు ఆయన లుంగీ, తెల్ల బనీనుతో అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు పీచు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే "పేరు?" అన్నాడు.

"కిరణ్ సార్. ఎం. కిరణ్."

"ఎం అంటే ఏంది? మామిడా, మేకలా, మేడిపల్లా?"

"మేకల."

"గట్ల చెప్పు. ఇంటి ముందట తాళమేసినట్టు ఒక్క అక్షరం పెట్టుకుంటే లోపల ఎవలున్నరో ఎట్ల తెలుస్తది? తండ్రి పేరు?"

"సత్తయ్య."

"మేకల కిరణ్, సత్తయ్య కొడుకు. మంచిది. నల్లా నీళ్ళు దినం విడిసి దినం వస్తయి. మోటరు నువ్వు ముట్టకు, నేనే ఏస్త."

ఆ రోజు నుంచి ఆయన నన్ను ఉత్త కిరణ్ అని పిలవలేదు. పొద్దున మెట్లు దిగుతుంటే "మేకల కిరణ్, సత్తయ్య కొడుకా, చాయ్ తాగుతవా?" అనేవాడు. ఆయన భార్య రాజవ్వ వంటింట్లోంచి, "ఆయన హాజరు తీసుకునేలోపు చాయ్ సల్లారుతది, నువ్వు రా బిడ్డా," అనేది. పాలు పోసే అతన్నీ, గ్యాస్ బండ తెచ్చే అతన్నీ, ఎదురింటి రెండో క్లాసు పిల్లనూ ఇలాగే పిలిచేవాడు. ఆ పిల్ల ఒకరోజు తిరిగి, "పిట్టల కొమరయ్య తాతా, మీ నాయన పేరేంది?" అని అడిగితే లేచి నిలబడి, "పిట్టల మల్లయ్య, మేడమ్!" అని జవాబిచ్చాడు. ఇదంతా మిలిటరీ అలవాటు అనుకున్నాను.

కారణం తెలిసింది ఒక ఆదివారం సాయంత్రం, మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతున్నప్పుడు. ఆయన బయట నిలబడి బకెట్ అందిస్తున్నాడు, నేను లోపల దిగి పాచి గీకుతున్నాను. ఊరికే ఉండలేక మా కంపెనీ కబుర్లు చెబుతున్నాను. మా దగ్గర ఇద్దరు శ్రీనివాసులు ఉన్నారనీ, ఒకణ్ణి పొడుగు శ్రీను, ఇంకొకణ్ణి పొట్టి శ్రీను అంటామనీ చెప్పాను. బకెట్ ఆగిపోయింది.

"మాకు సుత నంబర్లుండె," అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. సైన్యంలో చేరేటప్పుడు పేరు అడిగితే మనవాళ్ళు ఇంటిపేరుతో మొదలుపెడతారు. రాసుకునేవాడు మొదటి మాటే మనిషి పేరు అనుకుంటాడు. అలా ఆయన కంపెనీలో, అంటే సైన్యంలో ఆయన ఉన్న దళంలో, కొమరయ్య కాస్తా ‘పిట్టల’ అయ్యాడు. పంజాబీ హవల్దారు నోట్లో అది ‘పీతల్’ అయింది. పీతల్ అంటే ఇత్తడి. ఆరు నెలలకు అదే కంపెనీకి అదే జిల్లా నుంచి ఇంకో కుర్రవాడు వచ్చాడు. పిట్టల యాదగిరి. చుట్టం కాదు, ఊరు కూడా వేరు. హవల్దారు నవ్వి, కొమరయ్యకు పీతల్ ఏక్ అనీ, యాదగిరికి పీతల్ దో అనీ పేర్లు పెట్టాడు.

"వాడు నన్ను అన్నా అంటుండె. పాటలు గిట్ల వస్తుండె వానికి. ఎండుచేపలంటే పానం. ఇంటి నుంచి అమ్మ పంపిస్తే డబ్బా మూత తీసుడే ఆలస్యం, బరాక్ మొత్తం ఖాళీ. గంత వాసన. సర్దార్జీలు వాన్ని తిట్టని తిట్టు లేదు."

డెబ్బై ఒకటి డిసెంబరులో వాళ్ళ కంపెనీ తూర్పు సరిహద్దు దాటింది. కోసిన వరిపొలాలు, మధ్యలో చేపల చెరువులు. ఒక చెరువు కట్ట వెనక అందరూ బోర్లా పడుకుని ఉన్నారు. ముందు పొలంలో ఉన్న తమ మెషిన్‌గన్ తూటాలు అయిపోయి ఆగిపోయింది. అది మోగకపోతే కట్ట వెనక ఉన్నవాళ్ళెవరూ తల ఎత్తలేరు. తూటాల పెట్టె ఒకరు తీసుకెళ్ళాలి. హవల్దారు అరిచాడు.

"ఏమని?" అన్నాను ట్యాంకులోంచి.

"‘పీతల్! పేటీ లే జా!’ అన్నడు. ఏక్ అనలే. దో అనలే. ఉత్త పీతల్ అన్నడు. ఇద్దరం లేసినం. వాడు నా బుజం మీద చెయ్యేసి కిందికి ఒత్తి, ‘నువ్వు కూసో అన్నా, నన్నే పిలిచిండు’ అన్నడు. పేటీ ఎత్తుకొని ఉరికిండు."

ఆయన ఆగిన బకెట్ నింపి నాకు అందించాడు. 

"పేటీ చేరింది," అన్నాడు. "గన్ను మళ్ళ షురూ అయ్యింది. మేమందరం కట్ట దాటినం. వాడు పేటీ పక్కనే పడిపోయిండు."

త్యాగం, బలిదానం అనే మాటలు ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. ఎప్పుడు చెప్పినా ఆ రెండు ముక్కలే: పేటీ చేరింది.

"హవల్దార్‌ను అడగలేదా తాతా, ఎవరిని పిలిచిండో?"

"పదేండ్లు ఒక్కతాన్నే ఉన్నం. అడగలే. అడిగితే చెప్తడు. చెప్తే దాన్ని నేనేం చేసుకుందు?"

అంతటితో అయిపోలేదు. ఎంతోమంది పేర్లు ఒక్కసారిగా రాయాల్సిన ఆ రోజుల్లో ఎక్కడో ఈ ఇద్దరి పేర్లూ కలిసిపోయాయి. చావు టెలిగ్రాం కొమరయ్య ఇంటికి వెళ్ళింది. శవాలు ఇళ్ళకు పంపే కాలం కాదు కాబట్టి తప్పు ఎవరికీ తెలియలేదు. ఆయన తల్లి గుండెలు బాదుకుని ఏడ్చి, మూడో రోజున పిట్టకు పెట్టింది. చనిపోయినవాళ్ళ పేరు మీద వండి, విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకోవడం మా వైపు ఆచారం. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ రోజు కాకి రాలేదు. పొద్దు గూకేదాకా కూర్చున్నా రాలేదు. అటు యాదగిరి తల్లి ఎల్లవ్వ, కొడుకు క్షేమంగా ఉన్నాడనుకుంటూ మరో డబ్బా ఎండుచేపలు కట్టిపెట్టుకుంది.

యుద్ధం ముగిసి సెలవు దొరికాక కొమరయ్య తన ఇంటికి వచ్చాడు. తల్లి ఆయనను తడిమి తడిమి చూసుకుంది. మరునాడే బస్సెక్కి యాదగిరి ఊరికి పోయాడు. ఆ ఇంటికి అప్పటికీ సరైన కబురు అందలేదు. నోటితో ఆయనే చెప్పాల్సి వచ్చింది. టెలిగ్రాం సంగతి, కాకి రాని సంగతి కూడా చెప్పాడు.

"ఏడ్వలేదా ఆమె?"

"ఆ ఎన్క ఏడ్సింది. ముందుగాల నన్ను ఒకటే అడిగింది. ‘మీ అమ్మ ఆకుల ఏమేం పెట్టింది బిడ్డా?’ అన్నది. అన్నం, పప్పు, గారెలు, కోడికూర అని చెప్పిన. ‘ఎండుచేపలు పెట్టిందా?’ అన్నది. లేదన్న. ‘మరి మావోడు ఎట్లొస్తడు?’ అన్నది. లేసి పొయ్యి ముట్టిచ్చింది. ఆ డబ్బా తీసింది."

"కాకి వచ్చిందా?"

"ఆకు పెట్టి ఇట్ల తిరిగినమో లేదో, వచ్చింది."

ఎల్లవ్వ పోయి చాలా ఏళ్ళయిందనీ, యాదగిరికి అన్నదమ్ములు లేరనీ, ఊళ్ళో ఆ ఇల్లు కూడా లేదనీ ఆ సాయంత్రమే చెప్పాడు. "వాని పేరు నా పేరుల కలిసిపోయింది. నేను పోకముందు విడిగ ఒక్కతాన ఉండాలె. పూర్తిగ ఉండాలె. ఇంకేం వద్దు నాకు," అన్నాడు. నేను ట్యాంకులోంచి బయటికి వచ్చేసరికి ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. రాజవ్వ కింది నుంచి, "ట్యాంకి కడుగుతున్నరా, చెర్వు తవ్వుతున్నరా?" అని అరిచింది.

ఆ అవకాశం రెండేళ్ళకు వచ్చింది. మా కాలనీలో మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువ. యుద్ధాల్లో పోయిన తమవాళ్ళ పేర్లతో పార్కులో ఒక నల్లరాయి నిలబెట్టాలనుకున్నారు. డ్రాయింగు నా చేతికొచ్చింది. సంఘం అధ్యక్షుడు ప్రకాశరావు గారు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సుబేదార్ మేజరు, నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చి నుంచి నేరుగా మీటింగుకు వచ్చారు. కొమరయ్య తాత యాదగిరి పేరు చెప్పగానే ఆయన ఇబ్బందిగా కదిలారు.

"కుటుంబసభ్యుల పేర్లు మాత్రమే అనుకున్నాం కదండీ కొమరయ్య గారూ. ఈ అబ్బాయి మీకేమవుతాడు?"

"ఏం గాడు సార్. వాని చావు మా ఇంటికొచ్చింది. మా అమ్మ ఏడ్సింది. గంతకన్న సుట్టం ఎవలుంటరు?"

 ప్రకాశరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "రాయండి," అన్నారు నాతో.

నేను రాశాను: సిపాయి పి. యాదగిరి. అందరి పేర్లూ అలాగే పెట్టాను. దానికి నా దగ్గర లెక్క ఉంది. రాయి వెడల్పు మారదు. నిలబడి చదివే రాతి మీద అక్షరం నలభై ఐదు మిల్లీమీటర్లు ఉండాలని మా కంపెనీ పద్ధతి. ఆ ఎత్తులో ఇంటిపేర్లు పూర్తిగా పట్టవు. ప్రింటు తీసి చూపిస్తే కొమరయ్య తాత చాలాసేపు చూశాడు. కోపం రాలేదు. వేలితో ఆ ‘పి.’ మీద తట్టాడు.

"మేకల కిరణ్, సత్తయ్య కొడుకా. పి అంటే నేనా, వాడా?"

  ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. మరుసటి మీటింగులో కొత్త డ్రాయింగు పరిచాను. అందరి ఇంటిపేర్లూ పూర్తిగా ఉన్నాయి. అక్షరం మాత్రం బాగా చిన్నదైంది. వరసలో అన్నిటికన్నా పొడుగు పేరు ఒక లాన్స్ నాయక్‌ది. అది పట్టేదాకా అన్నిటినీ దించక తప్పలేదు.

"ఇంత చిన్నగా అయితే మాలాంటి ముసలివాళ్ళకు కనబడదు కదయ్యా," అన్నారు ప్రకాశరావు గారు. "గేటు దగ్గర నుంచి చూస్తే నల్లరాయి తప్ప ఏమీ తెలియదు."

"గేటు కాన్నుంచి ఎందుకు సార్ సదువుడు?" అన్నాడు కొమరయ్య తాత. "దగ్గరికొస్తరు. దగ్గరికి రావాలె."

ఆ లాన్స్ నాయక్ చెల్లెలు, ఆమెకూ డెబ్బై దాటి ఉంటాయి, "మా అన్న పేరు సుత పూర్తిగనే ఉండాలె," అంది. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు.

రాయి నిలబెట్టిన రోజు ప్రసంగాలు అయ్యి, మైకు విప్పి, కుర్చీలు మడిచేదాకా ఆయన ఆగాడు. అప్పుడు కర్ర పక్కన పెట్టి, రాతికి జానెడు దూరంలోకి వెళ్ళి, ఒక్కొక్క పేరూ పైకి చదివాడు. తన వాడి దగ్గర ప్రత్యేకంగా ఆగలేదు. చివరిదాకా చదివి వెనక్కి వచ్చి, "తప్పుల్లేవు," అన్నాడు. రాజవ్వ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇగనన్న రాత్రులు పండుకో," అంది.

పండుకున్నాడనే ఆమె తర్వాత నాతో చెప్పింది. మరుసటి వానాకాలంలో ఆయన పోయాడు. యుద్ధంలో పోయినవాడు కాదు కాబట్టి ఆయన పేరు ఆ రాతి మీద ఉండదు. ఉండాలని ఆయన కోరలేదు కూడా.

నేను ఇప్పుడు ఆ కంపెనీలో డ్రాయింగు విభాగం చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు పేర్లను పొడి అక్షరాలకు కుదించి తెస్తే వెనక్కి పంపుతాను. కొలత కుదరదు సార్ అంటారు. మనిషిని కాకుండా అక్షరాన్ని తగ్గించమంటాను. అల్వాల్ వైపు పనుంటే పార్కు దగ్గర బండి ఆపుతాను. అక్కడ ఎవరో ఒకరు రాతికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి చదువుతుంటారు. చాలాసార్లు చూశాను. ఆ రాతి మీద అక్షరం ఎత్తు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు.