కీలు మీద జీన్సు పట్టీ

వంగి వెనక టైరు నొక్కి చూశాను. వేలు సరాసరి రిమ్ముకు తగిలింది. గాలి లేదు. ముందు టైరూ అంతే. నన్ను దింపిన బస్సు ఎర్ర దీపాలు మలుపు తిరిగి మాయమయ్యాయి. రోడ్డు మీద ఇక నేను, నా సైకిలు, చీకటి. ఆ వారంలో ఇలా జరగడం మొదటిసారి కాదు. పంచరేమోలే అని నాకు నేను చెప్పుకోవడం కూడా విసుగు పుట్టింది. రెండు టైర్లకూ రోజూ ఒకేసారి ముల్లు గుచ్చుకుంటుందా ఎక్కడైనా?

సైకిలు తోసుకుంటూ మట్టి దారిలోకి దిగాను. అటూ ఇటూ ఎండిపోయిన శెనక్కాయ చేలు. దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. నాకూ లేదు, ఇంకొకరికీ లేదు, అదొక్కటే ధైర్యం. కాసేపటికి వెనక చెప్పుల చప్పుడు. నేను ఆగితే అదీ ఆగింది. నడిస్తే అదీ నడిచింది. తిరిగి చూడలేదు. చూస్తే అక్కడ నిజంగానే ఎవరో ఉంటారని భయం.

ఇంటికొచ్చి అమ్మతో పంచరయిందన్నాను.

నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పని చేసేదాన్ని. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ మిషను ముందు కూర్చుంటేనే నేనూ ఒక మనిషినని అనిపించేది. నాయనను ఒప్పించడానికి ఎంత వాగానో, ఎన్ని రోజులు అలిగానో! మా వీధిలోనే ఇంకో అమ్మాయి, తన వెనక ఎవడో వస్తున్నాడని ఇంట్లో చెప్పింది. వాడెవడో కనుక్కున్న వాళ్ళు లేరు. ఆ అమ్మాయిని మాత్రం పని మాన్పించారు. నేను చెబితే నాకూ అంతే. అందుకే లొడలొడ వాగే నేను ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకున్నాను.

పొద్దున బస్సెక్కే ముందు సైకిలును రోడ్డు మీది టీ అంగడి వెనక పెట్టేదాన్ని. అంగడాయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకొక్కడికే చెప్పాను.

"అన్నా, ఎవురో దినామూ గాలి తీసేస్తాండారు."

"దోవన పోయే పిల్లోళ్ళు పాపా. వాళ్ళకేం పని? నేను చూసుకుంటా లే."

ఆ మాటకు ఎంత నెమ్మదించానో. ఆ సాయంత్రమూ గాలి లేదు.

యూనిట్లో నా పక్క మిషను అక్కకు ఆఖరికి చెప్పేశాను, ఏడుపు ఆగక. అక్క ప్యాంటు పక్కన పడేసి నా వైపు తిరిగింది.

"మ్మేయ్, సైకిలు ఆడ ఇడిస్తేనే కదా గాలి తీసేది? ఇడవద్దు. ఎంట పెట్టుకోని రా."

"బస్సులోకి సైకిలు ఎట్ల తెస్తారక్కా?"

"మడిచే సైకిలుండాది. మా చెల్లెలు పుట్టపర్తిలో లాడ్జి రూములు ఊడుస్తాది కదా, ఆడ ఒక తెల్లామె వాళ్ళ దేశం పోతా పోతా అమ్మేసి పోతాందంట. కుర్చీ మడిచినట్టు మడిచి సీటు కింద తోసేయచ్చు."

అలాంటి సైకిలొకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. రాయదుర్గంలో సైకిలంగడికి పోయి అడిగితే ఆయన బొమ్మ చూపించాడు. కొత్తది బెంగళూరు నుంచి తెప్పిస్తాననీ, రావడానికి నెల పైన పడుతుందనీ అన్నాడు. ఎర్ర రంగు, మెరిసే హ్యాండిలు. కళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

ఎండకు టైర్లు పాడవుతున్నాయి, మడిచే సైకిలు కొంటానని ఇంట్లో అబద్ధం చెప్పాను. నాయన నవ్వాడు.

"మడిచేదానికి అదేమన్నా దుప్పటా?" తర్వాత కొంచెం ఆలోచించి, "కొనేదైతే కొత్తదే కొను పాపా. వానలు పడినాక నీ దుడ్లకు నేనూ కొన్ని కలుపుతా. పాతదాని నడుము ఎన్నిసార్లు ఇరిగిందో ఎవురికి ఎరుక?" అన్నాడు.

ఆ మాట నా గుండెలో దిగబడింది. అక్క చెల్లెలు పుట్టింటికి వస్తూ ఆ పాత సైకిలును బస్సు మీద వేసుకొచ్చింది. నచ్చకపోతే మరుసటి రోజే వెనక్కి తీసుకుపోతానంది. యూనిట్ ముందు ఎక్కి ఒక చుట్టు తొక్కాను. నడుమ కీలు దగ్గర కటకటమని చప్పుడు. కింద నేల కదులుతున్నట్టు, సైకిలు ముందు భాగం ఒక మాట, వెనక భాగం ఇంకో మాట చెబుతున్నట్టు. సైకిలంగడాయన కీలు ఊపి చూసి పెదవి విరిచాడు.

"కీలును పట్టుకునే కొక్కెం అరిగిపోయిందమ్మా. ఇట్లాంటిది ఈడ దొరకదు. పల్లంలో ఊడిందంటే మూతి పగుల్తాది. నా మాటిని కొత్తదానికి ఉండు."

ఉండమంటే ఎలా ఉండను? కొత్తది వచ్చేదాకా ప్రతి సాయంత్రం ఆ గాలి లేని టైర్లు, ఆ చెప్పుల చప్పుడు. రెండు భయాలు నా రెండు చేతులూ పట్టుకుని చెరో వైపు లాగాయి. మూతి పగిలితే కుట్లు వేయించుకోవచ్చు. అందరికీ చూపించి ఏడవచ్చు కూడా. రెండోది ఎవరికి చూపించను? పాతదే ఉంచుకుంటానన్నాను.

ప్యాంట్ల నడుముకు వేసే మందపు గుడ్డను అక్క రెండు మడతలేసి కుట్టి, ప్యాంటు గుండీ కొట్టి, కీలు చుట్టూ బిగించే పట్టీ తయారు చేసింది.

"కొక్కెం ఊడినా ఇది పట్టుకుంటాది. ఎక్కేముందు గుండీ పెట్టడం మాత్రం మర్సిపోవద్దు. నీ నోరు చూస్తే వాగుతానే ఎక్కేస్తావు."

ఆ పొద్దున నా సైకిలు ఇంట్లోనే పెట్టి రోడ్డు దాకా నడిచే వచ్చాను. సాయంత్రం బస్సులో కండక్టరు సీటు కిందికి వంగి చూశాడు. "ఏమమ్మా, ఈ ఇనుప మేకపిల్లకు టికెట్ కొట్టాల్నా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకు నవ్వాను.

మా దారి దగ్గర దిగాను. బస్సు పోయింది. టీ అంగడి మూసి ఉంది. సైకిలు విప్పుతుంటే ఆ చెప్పుల చప్పుడు, ఈసారి ముందు నుంచి.

"ఏం పాపా, నా కాడ సైకిలు పెట్టేది మానేసినావు?"

అంగడి అన్న. చేతిలో గాలి కొట్టే పంపు.

"కొత్త సైకిలా? గాలుండాదో లేదో. కొడతా ఉండు."

నేను గాలి లేదని అనలేదే! పంపు పట్టుకుని ఈ చీకట్లో ఎవరి కోసం నిలబడ్డాడు? గాలి తీసింది ఎవరో, నా వెనక నడిచింది ఎవరో నా చేతి వేళ్ళకు నాకంటే ముందే అర్థమైంది. చీకట్లో కీలు కొక్కెం వేలికి అందడం లేదు. అతను వచ్చి హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

"మా నాయన ఎదురొస్తాండాడన్నా," అన్నాను.

"మీ నాయన ఈపాటికి సంగటి తిని పండుకోనుంటాడు లే."

కొక్కెం టక్కుమని పడింది. సైకిలును అతని మోకాళ్ళ మీదికి తోసి, అతను వెనక్కి జరగ్గానే ఎక్కేశాను. గుండీ పెట్టలేదు. పల్లం దారి పొడవునా నడుమ కీలు కటకట, కటకట. ఇప్పుడు ఊడుతుంది, ఇదిగో ఊడుతుంది అనుకుంటూనే ఇంకా గట్టిగా తొక్కాను. పట్టీ కాలికి కొట్టుకుంటూ ఉంది.

వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు నాయన. వేలాడుతున్న పట్టీని చూశాడు.

"గుండీ పెట్టలేదేం పాపా?"

"మర్సిపోయినా నాయనా."

లేచొచ్చి ఆ గుండీ తానే పెట్టి, పట్టీని రెండుసార్లు లాగి చూశాడు.

మరుసటి రోజు పొద్దున, పట్టీ బిగించుకుని, మామూలు బస్సుకే పోయాను. టీ అంగడి కిటకిటలాడుతోంది. కూలి పనులకు పోయేవాళ్ళు, పాల క్యాన్లవాళ్ళు, మా ఊరి వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు. అతను పొయ్యి దగ్గర ఉన్నాడు. అతని భార్య గ్లాసులు అందిస్తోంది. ఇక్కడ నోరు విప్పితే మధ్యాహ్నానికల్లా మాట నాయన చెవిన పడుతుంది, నా మిషను ముందు ఇంకెవరో కూర్చోవచ్చు. అది తెలిసే సైకిలును అంగడి ముందు, అందరికీ కనపడేలా నిలబెట్టి, వీలైనంత గట్టిగా అన్నాను.

"వదినా, నీ మొగుడు రాత్రి చీకట్లో పంపు పట్టుకోని నా కోసం నిలబడి ఉండినాడు. దినామూ నా సైకిలు గాలి ఎవురు తీస్తాండారో ఈడ అందరి ముందరా అడుగు."